మూగ డిపార్ట్‌మెంట్

రాత్రి బ్యాకప్ తీసిన టేపు యంత్రంలోంచి సగం బయటికి వచ్చి, నాలుక చాపినట్టు ఉంది. ఆడపడుచు దాన్ని లాగి డబ్బాలో పెట్టి, ఇవాళ్టి టేపును లోపలికి తోసింది. యంత్రం గుటక వేసి, కాసేపు గొణిగి, ఆకుపచ్చ దీపం వెలిగించింది. అద్దాల గదిలో చలి ఎముకల్లోకి దిగుతోంది. ఆ చలి యంత్రం కోసం. మనుషుల కోసం తలుపు పక్కన మేకుకు ఒక బూడిదరంగు స్వెట్టరు వేలాడుతూ ఉంటుంది. లోపలికి ఎవరు వెళితే వాళ్ళు తొడుక్కోవాలి. ఆడపడుచు పొడగరి కాబట్టి రోజూ ముందు దాని చేతుల మడతలు విప్పుకోవాలి. మడతలు పెట్టేది వదిన. వదిన పొట్టి. ఈమె విప్పడం, ఆమె మడవడం ఏళ్ళ తరబడి సాగుతున్నా, ఈ సంగతి మీద ఇద్దరి మధ్యా ఒక్క మాట నడవలేదు.

ఇవాళ ఒక చెయ్యి మడత విప్పి, రెండోది విప్పడం మరిచేపోయింది. చలికే అనుకుంది.

ఆడపడుచు అనేది ఆమె పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఈ మందుల గోదాములో ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పక్క కుర్చీలోని అమ్మాయి ఆమె అన్నను పెళ్ళి చేసుకుంది. నిన్నటిదాకా పేరుతో పిలిచిన మనిషిని వదినా అని పిలవడం మొదలుపెడితే, ఆ పిలుపు గోదామంతా అంటుకుంది. అట్టపెట్టెలు మోసే ముసలాయన దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరికీ ఆమె వదినే. ఆమె వదినైతే ఈమె ఆడపడుచు కావాలి కదా అని ఎవరో వేళాకోళానికి అన్నారు, అది అతుక్కుపోయింది. తర్వాత పెళ్ళి విడిపోయింది. పేర్లు మాత్రం విడిపోలేదు. పెళ్ళి విడిపోయినా వదినేమిటి అని అడిగే ధైర్యం గోదాములో ఎవరికీ లేదు, తీరికా లేదు.

అద్దాల గది బయట రెండు బల్లలు, రెండు తెరలు, వీపులు ఆనేటట్టు రెండు కుర్చీలు. అవతలి కుర్చీలో వదిన అప్పటికే వచ్చి కూర్చుంది. కాళ్ళ దగ్గర ప్రయాణం సంచి ఉంది. మామూలుగా పెట్టుకునే భోజనం డబ్బా లేదు.

ఇవాళ వదినకు ఇక్కడ ఆఖరి రోజు. సముద్రం పక్కన ఒక ఊళ్ళో ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే పని దొరికింది. రేపు పొద్దున్నే చేరాలి. ఇక్కడినుంచి రిలీవింగ్ లెటరు తీసుకెళ్ళకపోతే వాళ్ళు చేర్చుకోరు. వరసలో రెండో మనిషి కాచుక్కూర్చుని ఉన్నాడు. లెటరు టైపు అయి మేనేజరు సొరుగులో ఉంది. సంతకం కావాలి. ఆ సంతకానికి ఆయన ఒక షరతు పెట్టాడు.

గోదాములో ఏ మందు ఎంత ఉందో, ఎవరికి ఎంత వెళ్ళిందో అంతా చలిగదిలోని ఆ యంత్రం, అంటే మిడ్‌రేంజ్ సర్వర్, కడుపులో ఉంటుంది. ఊరూరా తిరిగే సేల్స్ వాళ్ళు ఆ లెక్క తమ ఫోన్లలో చూసుకోవడానికి కొత్త ప్రోగ్రాం ఒకటి వచ్చింది. దాన్ని ఆ సర్వర్లోనే ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి నడపాలి. పేరు భారీగా ఉన్నా సంగతి చిన్నదే. ఒకే ఇంట్లో ఒక ప్రోగ్రాంకు విడిగా గది కట్టి ఇవ్వడం. దాని సామాను దానిది, వేరేవాళ్ళ సామానుతో గొడవ ఉండదు. ఆ గదిలోకి డేటాబేసుతో మాట్లాడే ప్యాకేజీ చేరాలి. అది లేకపోతే ప్రోగ్రాం మూగది.

ఆ పని ఆడపడుచు చేసి చూపించాలి, అదీ వదిన చెయ్యి పడకుండా. ఆ గోదాములో ఎవరు మానేసినా అదే పద్ధతి. వెళ్ళే మనిషి ఆఖరి రోజు కీబోర్డు ముట్టుకోకూడదు, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఉండే మనిషి చేతిమీదుగా పని నడిస్తేనే పని అప్పగించినట్టు. గోదాము తాళాల దగ్గర పుట్టిన పద్ధతి కంప్యూటర్ల దాకా వచ్చింది.

టింగుమంది. ఆడపడుచు తెర అడుగున చిన్న గుర్తు వెలిగింది. మెసేజి వచ్చిందని.

"modalu pettava" అని ఉంది. తెలుగు మాటే, ఆ తెరకు తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో.

మెసేజి పంపిన మనిషి వీపు తన వీపుకు జానెడు దూరంలో ఉంది. ఆడపడుచు కూడా తెరమీదే జవాబిచ్చింది: మొదలుపెడుతున్నా.

వాళ్ళిద్దరూ ఇలాగే మాట్లాడుకుంటారు. అన్న పెళ్ళి విడిపోయినప్పటినుంచీ ఇంతే. సర్వర్లో ఆపరేటర్లు ఒకరికొకరు కబురు పంపుకునే సదుపాయం దూరంగా ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. వీళ్ళు పక్కపక్కనే కూర్చుని దాన్ని వాడుకున్నారు. టేపు మార్చావా. మార్చాను. బిల్లులు ఆగాయి చూడు. చూశాను. రేపు సెలవు. సరే. మెసేజి చేరడానికి సర్వరుకు వదినా అనే పిలుపుతో పని లేదు కాబట్టి ఆడపడుచు ఆ మాట అన్నేళ్ళుగా ఎక్కడా వాడలేదు. గోదాములో వాళ్ళను మూగ డిపార్ట్‌మెంట్ అంటారు.

ఆడపడుచు గది కట్టే ఆదేశం టైపు చేసింది. సర్వర్ చిటికెలో కట్టి ఇచ్చింది. గదిలోకి వెళ్ళి ప్రోగ్రాంను లేపింది. డేటాబేసు ప్యాకేజీ కనబడటం లేదని అది వెంటనే చతికిలపడింది.

అది ఎందుకు చతికిలపడిందో ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయింది. ఈ రకం సర్వర్లలో ఆ ప్యాకేజీ గది లోపల తయారవదు. సర్వరు చేసినవాళ్ళే తయారుగా ఇచ్చింది బయట, అందరి హాల్లో ఉంటుంది. గది కట్టేటప్పుడే హాల్లోకి తలుపు తెరిచి ఉంచమని ఒక మాట అదనంగా చెప్పాలి. చెప్పకపోతే సర్వరు తలుపు మూసే కడుతుంది. పోయిన నెల పరీక్ష కోసం కట్టినప్పుడు ఇద్దరూ ఇదే తప్పు చేసి, ఒక పూటంతా తలలు బద్దలుకొట్టుకుని నేర్చుకున్న పాఠం ఇది. మరిచిపోయేది కాదు.

మరి మరిచిపోయిందా, కావాలనే వదిలేసిందా? ఎవరైనా నిలదీస్తే ఆమె కూడా చెప్పలేకపోయేది. ఒకటి మాత్రం చెప్పగలదు. తప్పు కనబడగానే ఆమెకు ముందు కలిగింది చిరాకు కాదు, ఊపిరి అందినట్టయింది. ఇది నడవకపోతే సంతకం లేదు. సంతకం లేకపోతే వదిన వెళ్ళదు.

గదిని పడగొట్టి మళ్ళీ కట్టడం మాని, ఆమె ఆ ప్యాకేజీని లోపలే తయారు చేయమని సర్వరుకు పురమాయించింది. అది కుదరని పనని తెలుసు. తెరనిండా తప్పుల చాంతాడు దిగింది. అది ఆగాక ఇంకో రకంగా చెప్పింది. ఇంకో చాంతాడు. కుర్చీలో కూర్చోలేకపోయింది. లేచి మంచినీళ్ళు తాగొచ్చింది, మళ్ళీ లేచి కరెంటు బ్యాటరీల గది చూసొచ్చింది, మళ్ళీ లేచి దేనికి లేచిందో గుర్తురాక నిలబడింది. కాలుగాలిన పిల్లిలా ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతుంటే, చేతులు కట్టుకుని కూర్చున్న వదిన కళ్ళు మాత్రం ఆమె వెంట తిరిగాయి.

ఒకసారి మేనేజరు తల లోపలికి పెట్టాడు. పొట్ట ముందు, మనిషి వెనక వచ్చే రకం. కోపం లేదుగాని కంగారెక్కువ.

"ఏమ్మా, అయిందా?"

"చూస్తున్నాను సార్."

"చూడండి చూడండి. ఆవిడకి నాలుగింటికి బస్సట."

మేనేజరు వెళ్ళిపోయాడు. ఆడపడుచు మళ్ళీ తెర ముందు కూర్చుని కాళ్ళు ఊపసాగింది. చిన్నప్పుడు కాళ్ళు ఊపితే అమ్మ తొడ మీద ఒకటిచ్చేది. అమ్మ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఇంట్లో అన్న, తను. కాళ్ళు ఊపినా ఊపకపోయినా అడిగే దిక్కు లేదు.

అన్న కరెంటు మీటర్లు పరీక్షించే ఉద్యోగి. చెడ్డవాడని ఎవరూ అనరు. చెయ్యెత్తడు, అరవడు, తాగడు. నచ్చనిది జరిగితే మాట్లాడటం మానేస్తాడు, అంతే. ఒకసారి వదిన కొన్న కర్టెన్ల రంగు నచ్చలేదు. ఆ మౌనం వానాకాలమంతా సాగింది. వదిన మొదట్లో నవ్వింది, తర్వాత బతిమాలింది, తర్వాత కర్టెన్లు మార్చింది. అయినా ఉలకడు పలకడు. పెళ్ళైన రెండేళ్ళలో అలాంటి మౌనాలు ఇంకా వచ్చాయి. అప్పుడు ఇద్దరి మధ్యా మాటలు మోసే కూలి పని ఆడపడుచుది. "కూరలో ఉప్పు సరిపోయిందా అడుగు" అని వంటింట్లోంచి. "ఎక్కువైందని చెప్పు" అని ముందుగదిలోంచి. ఆ రెండిటికీ మధ్య దూరం ఒక గుమ్మం. ఉప్పు సంగతి ఆమె పోనుపోను మార్చి చెప్పేది. బాగుందన్నాడు వదినా అనేది. వదిన నమ్మినట్టు తలూపేది. ఆ తలూపడం ఆడపడుచు ఇప్పటికీ మరిచిపోలేదు.

చివరికి రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. వదిన చెప్పింది, ఈయన నాతో మాట్లాడడని. అది కూడా ఒక కష్టమేనా అన్నట్టు పెద్దలు మొహాలు చూసుకున్నారు. కొట్టాడా, తిట్టాడా అని అడిగారు. లేదంది. అప్పుడు ఎవరో ఆడపడుచు వైపు తిరిగారు. "నీ కళ్ళముందు జరిగిందే కదమ్మా, నువ్వు చెప్పు. నిజంగా అన్ని నెలలు మాట్లాడడా?"

అన్న అక్కడే కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. రేపటినుంచి ఆ మనిషితో ఒక ఇంట్లో బతకాలి.

"నాకేం తెలుసు" అంది ఆడపడుచు.

దాంతో వదిన మాటకు విలువ లేకుండా పోయింది. ఆమె బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మామూలుగా ఆఫీసుకొచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆడపడుచుకు నోరు పెగల్లేదు. ఏ మొహం పెట్టుకుని వదినా అనాలి? టేపు సంగతి అడగాల్సి వచ్చి, సిగ్గుతో చచ్చిపోతూ, తెర మీద మెసేజి పంపింది. వదిన చాలాసేపటికి జవాబు పంపింది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ఇంట్లో మాట్లాడని అన్న, ఇక్కడ మాట్లాడలేని తను. రోజంతటిలో ఎవరైనా ఆమెను పలకరించారంటే అది ఆ ఆకుపచ్చ అక్షరాల్లోనే. అవి కూడా సాయంత్రంతో అయిపోతాయి. రేపటినుంచి రెండు చోట్లా ఒకే నిశ్శబ్దం. అది తలుచుకుంటే ఆమెకు భయం వేసింది. ఒట్టి భయం, చీకటికి చిన్నపిల్ల భయపడినట్టు.

టింగు. "tappu ekkado telisinda?"

తెలియలేదు, అని టైపు చేసింది. పంపే మీట మీద వేలు చాలాసేపు ఆగింది. నొక్కేసింది.

వెనక వదిన కుర్చీ కిర్రుమంది. మళ్ళీ మెసేజి రాలేదు.

భోజనాల వేళ దాటాక మేనేజరు మళ్ళీ వచ్చాడు. చేతిలో లెటరు ఉంది, మొహంలో సంతకం పెట్టే కళ లేదు. తెర మీద తప్పుల వరస చూసి, అర్థం కాకపోయినా పెదవి విరిచాడు.

"ఇవాళ అయ్యేట్టు లేదండీ" అన్నాడు వదినతో, కాస్త మొహమాటపడుతూ. "వాళ్ళకి ఫోన్ చేసి రెండు రోజులు గడువడగండి. ఏం చేస్తాం."

"వాళ్ళు ఇవ్వరు సార్" అంది వదిన.

"అడిగి చూడండి."

వదిన పోట్లాడలేదు, ఆడపడుచు వైపు చూడలేదు. లేచి మేకు దగ్గరికి వెళ్ళి స్వెట్టరు తీసుకుంది. వేసుకుని, కుడిచెయ్యి రెండు మడతలు, ఎడమచెయ్యి రెండు మడతలు, మెల్లగా, అంచులు కలిసేట్టు పెట్టుకుంది. అద్దాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అక్కడ ఆమె చేయాల్సిన పనేమీ లేదు. సర్వరుకు వీపు ఆనించి నిలబడింది. అద్దంలోంచి చూస్తే పెదవులు బిగించి ఉన్నాయి. ఈ నిలబడటాన్ని ఆడపడుచు ఎరుగును. వానాకాలంలో, వంటింట్లో, పొయ్యికి వీపు పెట్టి వదిన ఇలాగే నిలబడేది, ముందుగదిలోంచి ఒక్క మాట వస్తుందేమోనని. రాదని తెలిశాక కూడా నిలబడేది.

ఆడపడుచుకు అప్పుడు తట్టింది. అన్న చేసిన పనే తను చేస్తోంది. ఏళ్ళుగా చేసింది, ఇవాళ మరీ చేస్తోంది. ఆయన కర్టెన్లకు చేశాడు, తను ఈ మనిషిని పోనివ్వకుండా ఉండటానికి చేస్తోంది. నిలబడ్డ మనిషికి మాత్రం రెండూ ఒకటే.

స్వెట్టరు ఉన్నది ఒకటే, అది లోపలుంది. ఆమె అలాగే తలుపు తోసుకుని వెళ్ళింది. చలి మొహాన కొట్టింది.

"వదినా."

ఆ మాట అన్నాళ్ళు వాడక బొంగురుపోయి వచ్చింది. వదిన తలెత్తింది.

"తలుపు మూసి కట్టేశాను వదినా. పొద్దున్నే తెలిసింది. తెలిసే ఊరుకున్నా."

యంత్రం ఫ్యాన్లు హోరుమంటున్నాయి.

"ఆ రోజు కూడా" అంది ఆడపడుచు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "పెద్దవాళ్ళు అడిగిన రోజు. అన్నయ్య నీతో మాట్లాడడని చెప్పాల్సింది. ఉప్పు దగ్గర్నుంచి నేనే కదా మోసింది. చెప్పలేదు. నోరు రాలేదు."

"నాకు తెలీదనుకున్నావా?" అంది వదిన. "పొద్దున నువ్వు మొదటిసారి లేచి నీళ్ళకి వెళ్ళినప్పుడే తెలిసింది. నీకు దాహం వేస్తే కదా నీళ్ళు తాగేది!"

"మరి అడగలేదేం?"

"నేనెందుకు అడగాలే? అందర్నీ నేనే అడగాలా? మీ అన్నని అడిగి అడిగి నా నోరు పడిపోయింది." వదిన గొంతు ఒక్కసారి పైకి లేచింది, మళ్ళీ తగ్గింది. "నిన్ను తిట్టాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎదురుగా ఒక్క మాట అంటే కదా తిట్టేది. మెసేజిల్లో తిడితే ఏం బాగుంటుంది?"

ఆడపడుచు నవ్వబోయింది, అది ఏడుపైంది. కళ్ళు తుడుచుకుంటే చేతులు గడ్డకట్టినట్టున్నాయి.

"నువ్వు వెళ్ళిపోతే నాకెవరూ ఉండరు వదినా. అందుకే చేశా."

వదిన దగ్గరికొచ్చింది. స్వెట్టరు చేతుల మడతల్లోంచి బయటికొచ్చిన ఆ పొట్టి వేళ్ళు ఆమె మణికట్టు పట్టుకున్నాయి. వెచ్చగా ఉన్నాయి.

"నేనిక్కడుంటే మాత్రం ఎవరున్నారే నీకు? ఒక వీపు ఉంది" అంది. "పోయి ఆ గది పడగొట్టి మళ్ళీ కట్టు. బస్సు పోతుంది."

ఆడపడుచు వచ్చి కూర్చుంది. పొద్దుట కట్టిన గదిని తీసేసింది. ఈసారి తలుపు తెరిచి ఉంచమనే ఆ ఒక్క మాటా చేర్చి కట్టింది. వేళ్ళు చలికి మొద్దుబారి రెండుసార్లు తప్పు పడింది. వదిన వెనక నిలబడి, చేతులు కట్టుకునే, మెడ చాచి చూసింది. గదిలోంచి హాల్లో ప్యాకేజీ కనబడింది. మిగిలిన చిన్నచిన్నవి లోపలికి చేర్చింది. ప్రోగ్రాంను లేపింది. అది ఒక క్షణం ఆలోచించి, డేటాబేసును పలకరించి, తెర మీద దగ్గు మందు సీసాల లెక్క వరసగా చెప్పడం మొదలుపెట్టింది.

"వాగుడుకాయలా ఉంది" అంది వదిన.

మేనేజరు తన ఫోనులో దగ్గు మందు చూసుకుని మురిసిపోయాడు. ఏం తప్పు జరిగిందని అడిగాడు. నా తప్పే సార్, తలుపు తెరవడం మరిచిపోయాను అంది ఆడపడుచు. అంతేనా అంటూ ఆ బల్ల మీదే పెట్టి లెటరు మీద సంతకం గీకాడు.

వదిన స్వెట్టరు విప్పి మేకుకు తగిలించింది, సంచి భుజాన వేసుకుంది. గోదాము గేటు దాకా ఇద్దరూ నడిచారు. అట్టపెట్టెల ముసలాయన పని ఆపి, వీళ్ళిద్దరి నోళ్ళూ కదలడం చూసి, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. నిజానికి వాళ్ళు పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. ఆసుపత్రి పక్కనే గది దొరికిందని వదిన చెప్పింది, కిటికీ ఉందా అని ఆడపడుచు అడిగింది. ఉంది, కర్టెన్లు కొనాలి అంది వదిన. ఏ రంగని అడిగింది ఈమె. నాకు నచ్చిన రంగు అంది.

బస్సు రానే వచ్చింది. వదిన మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

"ఫోన్ చెయ్యి. నోటితో మాట్లాడు. మెసేజిలు పెట్టావంటే చదవను, చెబుతున్నా."

"చేస్తా వదినా."

"మీ అన్నతో కూడా మాట్లాడు. ఆయన జవాబివ్వకపోయినా సరే, నువ్వు మాట్లాడు."

బస్సు మలుపు తిరిగి, మందుల లారీల వెనక్కి వెళ్ళి, కనబడకుండా పోయింది. ఆడపడుచు కాసేపు అక్కడే నిలబడింది. లారీ డ్రైవరొకడు, వదిన వెళ్ళిపోయిందా అండీ అని అడిగాడు. వెళ్ళిపోయింది అని పైకే చెప్పింది.

తిరిగి వచ్చేసరికి అవతలి తెర ఆపేసి ఉంది. కుర్చీని బల్ల కిందికి తోసి పెట్టింది వదిన. ఆమె పద్ధతే అంత. ఆడపడుచు తన కుర్చీలో కూర్చుంది. వెనక ఖాళీ తగిలింది. టింగుమంటుందేమోనని తెర అడుగుకు చూసింది. అలవాటు. సర్వరు మాత్రం తన మానాన తను కొత్త ప్రోగ్రాంతో మాట్లాడుతూనే ఉంది. ఎక్కడో ఎవరో సేల్స్ మనిషి జ్వరం మాత్రలు ఎన్ని ఉన్నాయో అడుగుతున్నాడు.

ఇంటికి బయల్దేరే ముందు రాత్రి బ్యాకప్‌కు టేపు సరిగ్గా ఉందో లేదో చూడాలి. చలిగది తలుపు దగ్గరికి వెళ్ళి మేకు మీదకు చెయ్యి చాచింది. అది అన్న స్వెట్టరు. పెళ్ళైన కొత్తలో, ఈ గదిలో చలేస్తోందని ఇంటి నుంచి తెచ్చింది వదిన. పెళ్ళి విడిపోయి ఇంట్లోంచి అన్నీ సర్దుకుని వెళ్ళిన మనిషి దీన్ని మాత్రం ఇక్కడే వదిలేసింది, ఎవరిదని ఎవరూ అడగలేదు. చేతులు విప్పడానికి వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. అంచులు కలిపి పెట్టిన మడతలు.

ఆడపడుచు వాటిని విప్పలేదు. స్వెట్టరు లేకుండానే గబగబా లోపలికి వెళ్ళి, టేపు చూసి, వణుకుతూ బయటికి వచ్చింది. దీపం ఆర్పి, తాళం వేసి, ఈ రాత్రి అన్నతో మొదటి మాట ఏమనాలా అని గొణుక్కుంటూ మెట్లు దిగింది. అద్దాల గదిలో ఆకుపచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది. దాని వెలుగులో, మేకుకు, చేతులు రెండూ వదిన కొలతకే మడిచి ఉన్న బూడిదరంగు స్వెట్టరు.